మనవడి బడి కోసం ఊరు వెతికాం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి, "మీ అమెరికా అనుభవాలు చెప్పండి, ఓ పావుగంట" అన్నారు. నయాగరా జలపాతం గురించి, అక్కడి రోడ్ల గురించి, షాపుల గురించి ఇదివరకే మన సభ్యులు చాలామంది ఇదే వేదిక మీద చెప్పారు. నేను వాటి జోలికి పోను. 2019లో నేనూ మా ఆవిడా న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉన్నాం. అందులో మూడు నెలలు మనవడికి బడి వెతకడంతోనే సరిపోయింది. బడి కోసం ఊరే వెతకవలసి వచ్చింది. ఆ సంగతి చెబుతాను. అందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. అది కూడా చెబుతాను.

మా మనవడికి ఆటిజం ఉంది. ఈ ఒక్క మాట మీ ముందు చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

వాడు పుట్టింది 2014లో. రెండేళ్ళు దాటినా మాట రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. వంటింట్లో గిన్నెల మూతలన్నీ తెచ్చి పెద్దది, దాని పక్కన చిన్నది, అలా గోడ వారన వరసగా పేర్చేవాడు. ఎవరైనా ఒక్క మూత జరిపితే గంటసేపు ఏడుపు. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మంచం కింద దూరేవాడు. మూడేళ్ళు నిండక ముందే అక్కడి డాక్టరు పరీక్షించి ఇది ఆటిజం అని చెప్పారు. మా అబ్బాయి ఫోనులో ఆ మాట చెప్పినప్పుడు నేను ఏమన్నానో తెలుసా? "కంగారు పడకండిరా, మా నాన్నకి కూడా అయిదేళ్ళకి గానీ మాటలు రాలేదు" అన్నాను. మా ఆవిడ ఫోను తీసుకుని "టీవీ ఎక్కువ పెడుతున్నారేమో" అంది. అటువైపు మా కోడలు ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనం నాకు తరవాత చాలాసార్లు గుర్తుకొచ్చింది.

ఇది తల్లి పెంపకం వల్ల వచ్చేది కాదు. మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా. అరుదైనదీ కాదు. 2025లో అమెరికా ప్రభుత్వ సంస్థ ప్రకటించిన లెక్క ప్రకారం, వాళ్ళు లెక్క తీసిన ప్రాంతాల్లో ఎనిమిదేళ్ళ పిల్లల్లో 31 మందికి ఒకరికి ఇది ఉన్నట్టు గుర్తించారు.

ఇక బడి సంగతికి వస్తాను. అక్కడి పద్ధతి ముందు కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మనకి బడి అంటే ఫీజు కట్టగలిగితే ఎక్కడైనా చేర్పించవచ్చు. అక్కడ సర్కారు బడి ఇంటి అడ్రసును బట్టి వస్తుంది. ఒక్క న్యూజెర్సీలోనే ఇంచుమించు 600 స్కూల్ డిస్ట్రిక్టులు ఉన్నాయి. చాలాచోట్ల ఊరికొక డిస్ట్రిక్టు. ఆ ఊళ్ళో ఇళ్ళవాళ్ళు కట్టే ఇంటి పన్నులోనే బడి ఖర్చులో పెద్ద భాగం ఉంటుంది. అందుచేత అక్కడ ఇల్లు కొనడమంటే బడిని కొనడమే.

మామూలు పిల్లలకే ఇలా ఉంటే, మా మనవడిలాంటి వాళ్ళకి ఇంకొక సంగతి ఉంది. అమెరికాలో 1975లో ఒక చట్టం చేశారు. అంగవైకల్యం ఉన్న ఏ పిల్లవాడినీ సర్కారు బడి కాదనడానికి వీల్లేదు, తగిన చదువు ఉచితంగా చెప్పాలి అని. 1990లో ఆ చట్టం పేరు మార్చి, ఆటిజాన్ని ప్రత్యేకంగా ఒక కేటగిరీగా చేర్చారు. మూడేళ్ళు నిండిన దగ్గరనుంచి బాధ్యత స్కూల్ డిస్ట్రిక్టుది. న్యూజెర్సీలో 21 ఏళ్ళ దాకా ఆ హక్కు ఉంటుంది. ప్రతి పిల్లవాడికీ ఐ.ఇ.పి. అని ఒక కాగితం రాస్తారు. మనకు సర్వీసు బుక్కు ఎలాంటిదో వాడికి అది అలాంటిది. ఈ సంవత్సరం వీడు ఏమేమి నేర్చుకోవాలి, మాటలు నేర్పే టీచరు వారానికి ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు కూర్చోవాలి, తోడుగా మనిషి కావాలా, బస్సు కావాలా, అన్నీ అందులో రాసి ఉండాలి. ఏడాదికి ఒకసారి తల్లిదండ్రులను కూర్చోబెట్టి దాన్ని తిరగరాయాలి. తమ ఊళ్ళో తగిన తరగతి లేకపోతే వేరే బడికి పంపి, ఆ ఖర్చు డిస్ట్రిక్టే భరించాలి. ఇంకొక మాట. బడిలో చేర్చుకోవడానికి తల్లిదండ్రుల వీసాతో పనిలేదు. గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి క్యూలో ఉన్న మన పిల్లలు కొందరు ఈ సంగతి తెలియక, బడిలో ఆటిజం మాట ఎత్తడానికే భయపడుతుంటారు.

ఇవాళ మనం ఈ దినోత్సవం ఎందుకు జరుపుకుంటున్నామో అందరికీ తెలుసు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో మన సుప్రీంకోర్టు పెన్షను అనేది యజమాని దయతో ఇచ్చేది కాదు, అది హక్కు అని తేల్చి చెప్పింది. అక్కడా అలాంటి తీర్పు ఒకటి వచ్చింది. కొలరాడో రాష్ట్రంలో ఒక ఆటిజం పిల్లవాడికి ఏటా ఇంచుమించు పాత లక్ష్యాలనే మళ్ళీ రాసి పెడుతుంటే తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 2017 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టులో ఎనిమిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. నామమాత్రపు ప్రగతి చాలదు, ఆ పిల్లవాడి పరిస్థితిని బట్టి వాడు నిజంగా ముందుకు పోయేటట్టు ఆ పథకం ఉండాలి అని. అక్కడైనా ఇక్కడైనా హక్కు కాగితం మీద ఉన్నంత మాత్రాన చేతికి రాదు. పెన్షను ఎరియర్సు కోసం తిరిగిన మనకి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

చట్టం అంతటా ఒకటే. అమలు మాత్రం ఊరికొక తీరు. మా వాళ్ళు 2019 నాటికి అద్దె అపార్టుమెంటులో ఉండేవారు. ఆ సెప్టెంబరులో మనవడు కిండర్‌గార్టెన్‌కి వెళ్ళాలి. ఆలోపు ఇల్లు కొనాలని వాళ్ళ ఆలోచన. మేము మార్చిలో దిగాం.

ఇక్కడే నా తప్పు మొదలయింది. అక్కడ బళ్ళకి పదికి ఇన్ని మార్కులని ఇంటర్నెట్టులో రేటింగులు ఇస్తారు. ఇళ్ళమ్మే ఏజెంట్లు ముందు అదే చెబుతారు. మా బంధువుల పిల్లలు నలుగురు ఉన్న ఊరు ఒకటి ఉంది. తొమ్మిది మార్కుల ఊరు. గుడి దగ్గర, మన సరుకుల కొట్టు దగ్గర, పొద్దున వాకింగుకి వెళితే తెలుగు మాట వినబడుతుంది. అక్కడే కొనాలని నేను పట్టుబట్టాను. మా అబ్బాయి "అక్కడ ఇల్లు లక్ష డాలర్లు ఎక్కువ నాన్నా, పన్ను కూడా ఎక్కువే" అన్నాడు. "కాకినాడలో నా ప్లాటు అమ్మి సగం తేడా నేనిస్తాను, అక్కడైతేనే ఇస్తాను" అన్నాను. మిత్రులారా, షరతు పెట్టి మరీ అన్నాను.

అప్పుడు మా కోడలు, గట్టిగా మాట్లాడే మనిషి కాదు, అన్నం వడ్డిస్తూ అడిగింది: "మావయ్యగారూ, ఆ తొమ్మిది మార్కులు ఎవరివండీ?"

"బడివమ్మా" అన్నాను.

"బడివి కాదండీ. అక్కడ పరీక్షలు రాసే పిల్లలవి. మన బాబు ఇంకా పెన్సిలు పట్టుకోలేదు కదండీ."

నాకు కోపం వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఉన్నమాట చెప్పాలంటే నా పట్టుదల మనవడి కోసం కాదు. "మీ అబ్బాయి ఎక్కడ కొన్నాడు?" అని ఇక్కడ మీరు అడిగితే ఏ ఊరి పేరు చెప్పాలా అని. ఆ బంధువులకి కూడా నేను ఆటిజం అని చెప్పలేదు. మాటలు కొంచెం ఆలస్యం అని సరిపెట్టాను.

మా కోడలు దగ్గర ఒక లావుపాటి ఫైలు ఉండేది. అందులో ఆరు ఊళ్ళ పేర్లు రాసుకుంది. ఒక్కొక్క ఊరి ప్రత్యేక విద్యా విభాగానికి ఫోను చేసి అపాయింటుమెంటు అడిగేది. ప్రతి డిస్ట్రిక్టులోనూ ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల సలహా బృందం ఒకటి ఉండాలని న్యూజెర్సీలో నియమం. ఆ తల్లులకు కూడా ఫోను చేసేది. రేటింగులో కనబడని సంగతులు వాళ్ళే చెప్పారు.

ముందు నా మాట కాదనలేక తొమ్మిది మార్కుల ఊరికే వెళ్ళాం. నేనూ లోపలికి వెళ్ళాను. అక్కడి అధికారిణి చాలా మర్యాదగా మాట్లాడారు. తమ ఊరి బళ్ళలో ఇలాంటి పిల్లలకి తరగతి లేదని, బస్సులో ఇంకో ఊరి బడికి పంపుతామని, ఒక వైపు యాభై నిమిషాలు పడుతుందని చెప్పారు. ఆ బడి చూడవచ్చా అంటే, ముందు ఈ ఊళ్ళో కాపురం ఉంటే అప్పుడు చూద్దాం అన్నారు. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. కొందరు పిల్లలకి అలాంటి ప్రత్యేక బడే మంచిది కూడా. కాని నాకు తట్టిన సంగతి వేరు. లక్ష డాలర్లు ఎక్కువ పోసి ఆ ఊళ్ళో ఇల్లు కొంటే, ఆ తొమ్మిది మార్కుల బడిలోకి మా మనవడు అడుగే పెట్టడు.

నాలుగోది ఆరు మార్కుల ఊరు. పాత ఇటుక భవనం. నేనైతే కారు దిగేవాణ్ణి కూడా కాదు. పిల్లల పేర్లు అడగకూడదు, ఫోటోలు తీయకూడదు అని ముందే చెప్పి, తరగతి గుమ్మం దగ్గర అయిదు నిమిషాలు నిలబడనిచ్చారు. ఆరుగురు పిల్లలు, ఒక టీచరు, ఇద్దరు సహాయకులు. గోడ మీద ఆ రోజు పనులన్నీ బొమ్మల వరసలో ఉన్నాయి. ఒక పని అయిపోగానే పిల్లవాడే వెళ్ళి ఆ బొమ్మ తీసి డబ్బాలో వేస్తున్నాడు. మాట రాని పిల్ల ఒకతె బొమ్మ కార్డు చూపించి మంచినీళ్ళు అడిగింది. ఒక పిల్లవాడు చెవులు మూసుకుని ఏడుస్తున్నాడు. ఎవరూ కసరలేదు, బతిమాలలేదు. ఒకాయన వాడి పక్కన నేల మీద ఊరికే కూర్చున్నాడు, అంతే. కొంచెంసేపటికి వాడే లేచి వచ్చాడు. భోజనానికి, సంగీతానికి, ఆటలకి మామూలు తరగతి పిల్లలతో కలుపుతామని చెప్పారు.

బయటికి వస్తుంటే ఆ టీచరు మా కోడలిని అడిగింది, "మీ అబ్బాయికి ఏమంటే ఇష్టం?" అని. అంతకు ముందు మూడు ఊళ్ళలో వాడికి ఏమేమి రాదో అడిగారు. ఏమి ఇష్టమో ఎవరూ అడగలేదు. మా కోడలు గిన్నెల మూతల సంగతి చెప్పింది. ఆవిడ నవ్వలేదు. కాగితం మీద రాసుకుంది.

తిరిగి వస్తూ కారులో నాకు మన టెస్టు డెస్కు గుర్తుకొచ్చింది. నెలాఖరుకి మనం రిపోర్టు పంపేవాళ్ళం కదా, నూరు టెలిఫోన్లకి ఎన్ని ఫాల్టులు అని. అంకె బాగుంటే డివిజనల్ ఇంజనీరుగారి దగ్గర మెప్పు. కాని లైను చచ్చిపడి ఉన్న చందాదారు కౌంటరు దగ్గరికి వచ్చినప్పుడు, "అయ్యా, మా ఎక్స్ఛేంజి పర్సెంటేజి చాలా బాగుంది" అంటే ఊరుకునేవాడా? అతనికి కావలసింది అతని లైను. దానికి రిపోర్టు పనికిరాదు. లైన్‌మన్ పిల్లరు దగ్గరికి పోవాలి, అక్కడినుంచి డి.పి. ఎక్కాలి, డ్రాప్ వైరు పట్టుకుని ఇంటి దాకా పోవాలి. ముప్పయి అయిదేళ్ళు ఈ పని చేసినవాణ్ణి, సొంత మనవడి దగ్గరికి వచ్చేసరికి పర్సెంటేజి పట్టుకుని కూర్చున్నాను.

మా కోడలికి క్షమాపణ చెప్పాలని ఉంది. మామగారు కోడలికి ఆ మాట ఎలా చెప్పాలో మన తరం వాళ్ళకి నేర్పలేదు. ఇంటికి రాగానే "ఆ ఫైలు ఇటివ్వమ్మా, పేజీలకి నంబర్లు వేసి ఇండెక్సు రాసి పెడతాను" అన్నాను. ఆమె ఒక నిమిషం నా మొహం చూసి ఫైలు తెచ్చి ఇచ్చింది. రెండు రోజులు కూర్చుని డాక్టరు రిపోర్టులు, ఐ.ఇ.పి.లు, టీచర్ల ఉత్తరాలు తారీఖుల వారీగా సర్ది, నంబర్లు వేశాను. 143 పేజీలు. అది చేస్తూ ప్రతి పేజీ చదివాను. మా మనవడి గురించి అప్పటిదాకా నాకు ఏమీ తెలియదని ఆ రెండు రోజుల్లో తెలిసింది. ప్లాటు డబ్బు షరతు లేకుండా ఇస్తానన్నాను. మా అబ్బాయి వద్దన్నాడు. ఆరు మార్కుల ఊళ్ళో వాళ్ళ స్తోమతుకే ఇల్లు వచ్చింది. ఆగస్టులో మారారు.

కొత్త ఊరికి మారితే మళ్ళీ మొదటికొస్తుందని భయపడ్డాం. అలా కాదు. ఒకే రాష్ట్రంలో మారితే, కొత్త ఐ.ఇ.పి. రాసేదాకా పాతదానికి సమానమైన సేవలు ఇవ్వాలని చట్టంలో ఉంది. సెప్టెంబరులో బడి తెరిచిన రోజున తరగతిలో మా వాడి బల్ల మీద ఒక డబ్బా పెట్టి ఉందట. దాని నిండా సీసాల మూతలు. వాటితోనే వాడికి రంగులు, తరవాత అంకెలు నేర్పారు.

అంతా పూలబాట అని చెప్పను. 2020 మార్చిలో కరోనాతో బళ్ళు మూసేశారు. కంప్యూటరు ముందు వాడు అయిదు నిమిషాలు కూర్చునేవాడు కాదు. వచ్చిన పది మాటల్లో నాలుగు పోయాయి. 2021లో మాటల టీచరుతో వారానికి నాలుగుసార్లు ఉన్నదాన్ని రెండుకు తగ్గిస్తామన్నారు. మా కోడలు ఆ ఫైలు పట్టుకుని మీటింగుకి వెళ్ళి, ఏ నెలలో ఎన్ని మాటలు వచ్చాయో, ఎప్పుడు పోయాయో పేజీ నంబరుతో చూపించింది. మూడు దగ్గర రాజీ అయింది. మంచి ఊరు ఎంచుకున్నా అడగడం మానకూడదు.

మీ పిల్లలెవరైనా అక్కడ ఇలాంటి ఇబ్బందిలో ఉంటే నాలుగు ప్రశ్నలు రాసుకోమనండి. ఒకటి, మా పిల్లవాడు కూర్చోబోయే తరగతి ఈ ఊళ్ళోనే ఉందా, బస్సులో పంపుతారా? రెండు, ఆ తరగతిలో ఎందరు పిల్లలు, ఎందరు పెద్దలు, మామూలు పిల్లలతో రోజుకి ఎంతసేపు కలుపుతారు? మూడు, మాటలు నేర్పే టీచరు బడి మనిషేనా, బయటినుంచి వచ్చి పోతారా? నాలుగు, ఈ బడి అయిదో తరగతితో అయిపోతే ఆ పై బడిలో ఇలాంటి తరగతి ఉందా? ఈ నాలుగోది మేము సరిగ్గా అడగలేదు. ఇప్పుడు అనుభవిస్తున్నాం. ఈ ఏడు మా వాడు కొత్త భవనానికి మారాడు, మళ్ళీ అన్నీ మొదటినుంచి అలవాటు చేయవలసి వస్తోంది. 21 ఏళ్ళ తరవాత బడి హక్కు కూడా ఉండదు. దాని గురించి వాళ్ళు ఇప్పటినుంచే ఆలోచిస్తున్నారు.

ఇక ఇక్కడ ఉన్నవారికి. మన దగ్గర కూడా చిన్న ఊళ్ళ వాళ్ళు ఇలాంటి పిల్లల కోసం విశాఖపట్నానికో హైదరాబాదుకో కాపురం మారుస్తున్నారు. వాళ్ళకి కూడా నా మాట ఒకటే. బోర్డు చూడకండి, ర్యాంకులు చూడకండి, తరగతి గుమ్మం దగ్గర అయిదు నిమిషాలు నిలబడండి. 2016లో మన పార్లమెంటు చేసిన దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. వైకల్యం 40 శాతానికి తక్కువ కాకుండా ఉన్నట్టు సర్టిఫికెట్టు ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ళ దాకా దగ్గరలోని బడిలో గాని, కోరుకున్న ప్రత్యేక బడిలో గాని ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. సికింద్రాబాదులో 1984లో పెట్టిన జాతీయ సంస్థ, ఇదివరకు మానసిక వికలాంగుల సంస్థ అనేవాళ్ళం, అక్కడ పిల్లలను పరీక్షించి, తల్లిదండ్రులకి శిక్షణ ఇస్తారు. నేషనల్ ట్రస్టువారి నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య బీమా ఉంది. అలాగే మన సభ్యుల్లో ఎవరికైనా సంపాదించుకోలేని వైకల్యం ఉన్న కొడుకో కూతురో ఉంటే, మన తదనంతరం వారికి ఫ్యామిలీ పెన్షను వస్తుంది. మనం బతికి ఉండగానే ఆ పేరు పెన్షను కాగితాల్లో చేర్పించుకోండి. దాచుకుంటే నష్టపోయేది ఆ పిల్లలే.

ఇప్పుడు మా మనవడికి పదకొండేళ్ళు. ప్రతి ఆదివారం ఫోను చేసి, "తాతా, ఏం తిన్నావ్?" అని అడుగుతాడు. నేను చెప్పేది పూర్తిగా వినడు, మధ్యలోనే ఫోను వాళ్ళమ్మకి ఇచ్చేసి పోతాడు. మళ్ళీ ఆదివారం అదే ప్రశ్న. ఆ రోజు మాత్రం నేను మా ఆవిడని ఏం కూర వండావని ముందే అడిగి తెలుసుకుని కూర్చుంటాను.

మన ఇళ్ళలో ఇలాంటి బిడ్డ ఇంకెక్కడైనా ఉంటే, సభ అయ్యాక నన్ను కలవండి. పక్కకి పిలవనక్కర్లేదు. భోజనాల దగ్గర అందరి మధ్య కూర్చునే మాట్లాడుకుందాం.